జడ ఎవరిది, ఫోటో ఎవరిది?

ఆడవాళ్ల జుట్టు గురించి హక్కుల పత్రికలో రాయాల్సిన అవసరం ఏముందని కొందరికి అనిపించవచ్చు. బీడీ కూలీ రేట్లు, గల్ఫ్‌కు పోయిన మగవాళ్ల అప్పులు, వరకట్నం, గృహహింస ఇన్ని ఉండగా జడలూ కొప్పులూ చర్చకు పెట్టడం విలాసం కాదా అని అడగవచ్చు. కాని స్త్రీల శరీరం మీద నిర్ణయాధికారం ఎవరిదన్న ప్రశ్న ఎప్పుడూ పెద్ద విషయాలతోనే మొదలు కాదు. ఏం కట్టుకోవాలి, ఎట్లా నవ్వాలి, జుట్టు ఎంత పొడవుండాలి అన్న చిన్న విషయాల్లో అడగకుండా నిర్ణయాలు జరిగిపోతాయి. అడగకపోవడం అలవాటైన చోట పెళ్లి గురించీ, కాన్పు గురించీ కూడా అడగరు.

కొంతకాలంగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో బ్యూటీ పార్లర్లలో పనిచేసే స్త్రీలతో మాట్లాడుతున్నాను. వాళ్ల మాటల్లో తరచుగా వచ్చే పని ఒకటుంది. పొడవాటి జుట్టున్న ఒక అమ్మాయిని కూర్చోబెట్టి, ఆమె రూపాన్ని అంచెలంచెలుగా మారుస్తూ, ప్రతి దశలోనూ ఫోటో తీస్తారు. విరబోసిన జుట్టుతో మొదలై వాలుజడ, పూలజడ, కొప్పు, ఉంగరాల జుట్టు, చివరికి భుజాల దాకా కత్తిరించిన జుట్టు. దీన్నే మేకోవర్ అంటున్నారు. ఆ ఫోటోలు పార్లర్ గోడమీదికీ, ఫ్లెక్సీలమీదికీ, ఫోన్లలోకీ వెళ్తాయి.

జడను ఫోటో తీయించడం మనకు కొత్తేమీ కాదు. ఎండాకాలం మల్లెపూలు రాగానే ఆడపిల్లకు పూలజడ వేసి స్టూడియోకు తీసుకుపోయేవాళ్లు. వెనక నిలువుటద్దం పెట్టి, ముఖమూ జడా రెండూ ఒకే ఫోటోలో పడేట్టు నిలబెట్టేవాళ్లు. మనలో చాలామంది ఇళ్లల్లో అట్లాంటి ఫోటో ఒకటైనా ఉంటుంది. ఓణీల ఫంక్షనుకో, పెళ్లికో, పిల్లకు గుండు కొట్టించే ముందో ఆ ఫోటో తీయించేవాళ్లు. అది ఇంట్లో ఉండేది. చుట్టాలు వస్తే చూపించేవాళ్లు. ఇప్పటి ఫోటోకు రెండు తేడాలున్నాయి. ఒకటి, అది ఇల్లు దాటి వ్యాపారంలోకి పోతుంది. రెండు, అది జుట్టును ఉన్నదున్నట్టు చూపించి ఆగదు, జుట్టును మారుస్తూ పోతుంది. పూలజడ సాయంత్రానికి విప్పేస్తాం. కత్తిరించిన జుట్టు తిరిగి నడుము దాకా రావాలంటే ఏళ్లు పడుతుంది.

వెల్గటూర్ మండలంలోని ఒక ఊరి అమ్మాయి సంగతి చెప్తాను. ఆమెకు ఇరవై రెండేళ్లు. తల్లి బీడీలు చేస్తుంది. తండ్రి గల్ఫ్ నుంచి తిరిగి వచ్చి వ్యవసాయం చేస్తున్నాడు. ఆమె బ్యూటీషియన్ కోర్సు నేర్చుకుని ఒక పార్లర్‌లో సహాయకురాలిగా చేరింది. నడుము కిందికి దిగే జుట్టు ఆమెది. పార్లర్ యజమానురాలు ప్రచారం కోసం ఒకే రోజు ఐదు రూపాల్లో ఫోటోలు తీద్దామంది. మొదటి మూడింటిలో కత్తెర లేదు. నాలుగోదానికి చివర్లు నాలుగు వేళ్ల మేర తీయాలని అనుకున్నారు. దానికి అమ్మాయి సరేనంది. అప్పటికి సాయంత్రమైంది, వెలుతురు తగ్గిపోతోంది. "ఇంక జర కోస్తే మస్తుంటది చెల్లే" అంది యజమానురాలు. ఫోటోగ్రాఫర్ కూడా తొందరపెట్టాడు. జుట్టు భుజాల దాకా వచ్చింది.

"నేను వద్దనలె మేడం. కని ఊఁ అని గూడ అనలె. అసలు నన్నడిగిందెవరు?" అని చెప్పింది ఆ అమ్మాయి.

ఇంటికి పోయినాక తల్లి ఏడ్చింది. తండ్రి పార్లర్‌కు పోయి గొడవ పెట్టుకున్నాడు. పెళ్లి చేయాల్సిన పిల్ల జుట్టు మమ్మల్ని అడగకుండా ఎట్లా కోస్తారన్నది ఆయన ప్రశ్న. ఆమె మేజరు, కాదనలేదు కదా అన్నది వాళ్ల జవాబు. చివరికి పెద్దమనుషులు కూర్చుని ఫ్లెక్సీ తీయించేశారు. కోసిన జడ పార్లర్‌లోనే ఉండిపోయింది. ఆ రోజంతా కూర్చున్నందుకు అమ్మాయికి విడిగా పైసా ఇవ్వలేదు. ఇందులో నన్ను ఆలోచనలో పడేసిన మాట ఇంకొకటుంది. "ఆ ఫోటోల నేను మంచిగనే ఉన్న మేడం. తియ్యద్దనుండె" అంది.

జుట్టు కోసేటప్పుడు ఆమెను అడగలేదు. ఫోటో తీసేసేటప్పుడూ అడగలేదు. పొట్టి జుట్టు ఆమెకు నచ్చింది కదా, ఇంక నష్టమేముంది అనవచ్చు. నచ్చడం వేరు, నిర్ణయించడం వేరు. ఫలితం బాగుంది కాబట్టి అడగకపోవడం ఒప్పయిపోదు. జుట్టు పొడవుగా ఉండాలనే కుటుంబమూ, పొట్టిగా ఉండాలనే వ్యాపారమూ పైకి ఎదురెదురుగా కనిపిస్తాయి. ఆ జుట్టున్న మనిషిని పక్కన పెట్టడంలో మాత్రం రెండూ ఒకటే.

సంప్రదాయం పేరుతో పొడవాటి జుట్టును సమర్థించేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. మన సంప్రదాయంలో జడ స్త్రీ సొంతమని ఎన్నడూ అనుకోలేదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడ గొప్ప సవాలు. తెరమీదుగా జడ వేసి, తనను గెలిస్తే ఈ జడ కోసి ఇస్తానని నర్తకుడు పందెం కాసేవాడు. అవును, నర్తకుడే. తరతరాలుగా ఆ వేషం కట్టింది మగవాళ్లు. వేదాంతం సత్యనారాయణశర్మ ఆ పాత్రకే పేరుపొందారు. స్త్రీ జడ గర్వానికి గుర్తుగా వేదికనెక్కింది కాని స్త్రీ ఎక్కలేదు. వేదిక దిగితే సంగతి ఇంకా కఠినం. భర్త ఉన్నంతకాలం జుట్టు సౌభాగ్యం. ఆయన పోతే బ్రాహ్మణ కుటుంబాల్లో ఆ జుట్టే అపవిత్రమై, చిన్నపిల్లలని కూడా చూడకుండా గుండు చేయించారు. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించిన నాటికి ఇది రోజువారీ వాస్తవం. ఉంచడమూ తీయడమూ రెండూ మగవాడి ఉనికినిబట్టి నిర్ణయమయ్యాయి.

ఇది మనకే పరిమితం కాదు. ఇరాన్‌లో 2022లో తలమీది వస్త్రం సరిగా లేదని నైతిక పోలీసులు పట్టుకున్న మహసా అమినీ కస్టడీలో చనిపోయినప్పుడు, అక్కడి స్త్రీలు వీధుల్లో నిలబడి జుట్టు కత్తిరించుకున్నారు. అమెరికాలో నల్లజాతి స్త్రీలు తమ సహజమైన జుట్టుతో, జడలతో ఉద్యోగానికీ బడికీ పోయే హక్కు కోసం పోరాడితే, 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం అందుకు ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. ఒకచోట కత్తిరించడం హక్కుల ప్రకటన అయితే, మరొకచోట ఉన్నదున్నట్టు ఉంచుకోవడం హక్కుల ప్రకటన అయింది. అందుకే పొడవు మంచిదా పొట్టి మంచిదా అన్న వాదనలోకి నేను పోను. ఎవరు నిర్ణయించారన్నదే అడగాల్సిన ప్రశ్న.

ఇక ఈ దశలవారీ ఫోటోల పని విషయానికి వద్దాం. పని తెలిసిన స్త్రీలు చెప్పేదాన్నిబట్టి, నిజానికి ఇందులో తొందరపాటుకు చోటే లేదు. ముందురోజే తలస్నానం చేసి నూనె జిడ్డు పోగొట్టాలి. జుట్టు పూర్తిగా ఆరాలి. చిక్కు కింది నుంచి పైకి తీసుకురావాలి, పైనుంచి లాగితే తెగుతుంది. తరువాత పాయలుగా విడదీసుకోవాలి. మొదట విరబోసిన జుట్టు ఫోటో, ఆపైన వాలుజడ, కావాలంటే పూలూ జడకుప్పెలూ. ఆ జడ విప్పితే వేడి యంత్రం అక్కర్లేకుండానే అలలు వస్తాయి, అది ఇంకో రూపం. ఆ తరువాత కొప్పు. వేడితో చేసే పనులు వీటన్నిటి తరువాతే పెట్టుకోవాలి. కత్తెర అన్నిటికన్నా చివర.

అసలు కత్తెర అవసరమా అన్నది కూడా ఆలోచించాలి. పొడవాటి జుట్టును లోపలికి మడిచి మెడ వెనక పిన్నులు పెడితే భుజాల దాకా కత్తిరించినట్టే ఫోటోలో పడుతుంది. అద్దంలో చూసుకుని, ఇట్లా ఉంటే బాగుందా లేదా అని ఆమె ఒకరోజు ఆలోచించుకోవచ్చు కూడా. తడి జుట్టు కత్తిరిస్తే ఆరినాక ఇంకా పొట్టిగా కనిపిస్తుందని, ఉంగరాల జుట్టయితే మరీనని ఈ పనిలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు. తెలిసిన విషయం కుర్చీలో కూర్చున్న మనిషికి ముందే చెప్పడం వాళ్ల బాధ్యత.

దశలుగా జరిగే పనికి సమ్మతి కూడా దశలుగానే ఉండాలి. మొదటి ఫోటోకు సరేనన్నదంటే ఐదో ఫోటోకు సరేనన్నట్టు కాదు. నాలుగు వేళ్లకు ఒప్పుకుంటే మూరెడుకు ఒప్పుకున్నట్టు కాదు. లైంగిక హింస కేసుల్లో కోర్టుల ముందు మనం ఏళ్లుగా వాదిస్తున్నది ఇదే. మౌనం అంగీకారం కాదు. ఒకసారి ఒప్పుకున్నది ఎల్లకాలానికీ ఒప్పుకున్నది కాదు. పార్లర్ కుర్చీ దగ్గర ఈ సూత్రం మరిచిపోతే పోలీస్‌స్టేషన్‌లో దాన్ని గుర్తుచేయడం కష్టమవుతుంది. పైగా ఆ అమ్మాయి అక్కడ జీతానికి పనిచేస్తోంది. యజమాని అడిగితే కాదనలేని స్థితిలో ఉన్న మనిషి మౌనాన్ని సమ్మతి అనుకోవడం ఎంతవరకు న్యాయం?

ఈ ఫోటోల్లో కనిపించని శ్రమ గురించి కూడా మాట్లాడుకోవాలి. జుట్టు పని మన సమాజంలో కులం పని. నాయీబ్రాహ్మణులు చేసినంతకాలం దాన్ని తక్కువగా చూశారు. ఆ కులం స్త్రీలు మంత్రసానులుగా ఊరందరికీ పురుడు పోసినా గౌరవం దక్కలేదు. ఇప్పుడు అదే పని బ్యూటీషియన్ కోర్సుగా అన్ని కులాల అమ్మాయిలకూ ఉపాధి అయింది. పేరు మారింది కాని శ్రమకు విలువ పెరిగిందా? రోజంతా నిలబడి, ముహూర్తం ఉంటే తెల్లవారుజాము నుంచే పనిచేసే సహాయకురాళ్లకు లెక్కా పత్రం ఉండదు. నేర్చుకుంటున్నావు కదా అని జీతం ఎగ్గొట్టడం మామూలు.

సినిమా రంగంలో కూడా ఇదే వివక్ష చట్టం దాకా పోయింది. ముంబయిలోని మేకప్, హెయిర్ డ్రెస్సర్ల సంఘం స్త్రీలను జుట్టు పనికి మాత్రమే అనుమతించి, ఎక్కువ ఆదాయం ఉన్న మేకప్ పనిని మగవాళ్లకు అట్టిపెట్టింది. చారు ఖురానా దీన్ని సవాలు చేస్తే సుప్రీంకోర్టు 2014 నవంబరు 10న ఆ నిబంధన రాజ్యాంగవిరుద్ధమని తీర్పునిచ్చింది. స్త్రీలకు ఒక పని సహజమని చెప్పడం వెనుక ఎప్పుడూ కూలి లెక్క ఉంటుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

కోసిన జడకు కూడా ధర ఉంది. తిరుమలలో భక్తులిచ్చే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. ఏలూరు నుంచి వెంట్రుకలు విదేశాలకు ఎగుమతి అవుతాయి. మన ఊళ్లల్లో చిక్కు వెంట్రుకలకు గిన్నెలో, పిన్నులో ఇచ్చి కొనుక్కుపోయేవాళ్లు తిరుగుతారు. పెళ్లికూతురి జడ నిండుగా కనిపించడానికి పెట్టే సవరం కూడా ఎక్కడో ఇంకో స్త్రీ తలనుంచి వచ్చిందే కావచ్చు. అట్లాంటప్పుడు నడుము కింది దాకా పెరిగిన జడ కోసి, దాన్ని ఆమెకు ఇవ్వకుండా ఉంచుకోవడాన్ని ఏమనాలి? ఇంటికి తీసుకుపోతుందో, అమ్ముకుంటుందో, క్యాన్సర్ రోగుల విగ్గుల కోసం దానం చేస్తుందో ఆమె ఇష్టం.

ఆరోగ్యం సంగతి వేరే ఉంది. ఫోటోలో జుట్టు నిగనిగలాడాలని నిటారుగా చేసే రసాయనాలు వాడతారు. వీటిలో కొన్ని వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ అనే వాయువును వదులుతాయి. క్యాన్సర్‌కు కారణమయ్యే పదార్థాల్లో అదొకటి. అమెరికా ప్రభుత్వ సంస్థలు 2011లోనే దీనిపై హెచ్చరికలు చేశాయి. అదే దేశంలో 33,497 మంది స్త్రీలను పరిశీలించి 2022లో ప్రకటించిన అధ్యయనంలో, ఇట్లాంటి ఉత్పత్తులను తరచుగా వాడినవాళ్లకు డెబ్బై ఏళ్ల వయసు వచ్చేసరికి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 4.05 శాతంగా, ఎన్నడూ వాడనివాళ్లకు 1.64 శాతంగా అంచనా వేశారు. ఇది సంబంధాన్ని చూపిస్తుందే తప్ప కారణాన్ని రుజువు చేయదు. అయినా జాగ్రత్తపడడానికి చాలు. పెళ్లికూతురు ఆ ఆవిరి ఒక్కరోజు పీలుస్తుంది. గాలి ఆడని గదిలో పనిచేసే సహాయకురాలు రోజూ పీలుస్తుంది. బీడీ పొగాకు దుమ్ము పీల్చిన తల్లి తన బిడ్డకు ఆ బతుకు వద్దని కోర్సులో చేర్పిస్తే, బిడ్డకు దక్కింది ఇంకోరకం ఘాటు.

చట్టం ఏమంటుందో కార్యకర్తలకు తెలిసి ఉండడం అవసరం. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ ఫోటోమీద కాపీరైటు తీయించుకున్నవాళ్లదే, ఫోటోగ్రాఫర్‌ది కాదు. పెళ్లి ఫోటోలను అడగకుండా ప్రచారానికి వాడుకునేవాళ్లకు ఈ సంగతి గట్టిగా చెప్పవచ్చు. కాని ఇందులోనూ ఒక చిక్కుంది. డబ్బు తండ్రి ఇస్తే హక్కు తండ్రిది. పార్లర్ తీయిస్తే పార్లర్‌ది. ఫోటోలో ఉన్న అమ్మాయి పేరు ఎక్కడా రాదు. ఆమెకు అండగా నిలిచేది గోప్యత హక్కు. పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా దాన్ని ప్రాథమిక హక్కుగా గుర్తించారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పనికోసమని స్పష్టంగా ఉండాలని, ఇచ్చినంత సులభంగా వెనక్కి తీసుకునే వీలుండాలని చెప్తోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలును దశలవారీగా నిర్ణయించారు. ఇక పని జరిగే చోట లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం చిన్న పార్లర్లకూ వర్తిస్తుంది. పదిమందికన్నా తక్కువ పనిచేసే చోట జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

అయితే చట్టాలకోసం ఎదురుచూడాల్సిన అవసరం లేకుండానే మనం చేయగలిగింది చాలా ఉంది. కుట్టుపని, బ్యూటీషియన్ కోర్సులు నడిపే సంస్థల్లో మనవీ చాలా ఉన్నాయి. అక్కడ ఐబ్రోస్, ఫేషియల్, జడలు నేర్పుతాం. ప్రతి దశకు ముందు ఆగి, "ఇప్పుడు ఇది చేస్తాను, సరేనా?" అని అడగడం కూడా పనిలో భాగమని నేర్పాలి. ఎంత కోస్తారో వేలితో చూపించి, అద్దంలో చూపించి, నోటితో జవాబు విన్నాకే కత్తెర పట్టాలి. తెలుగులో ఒక పేజీ ఒప్పందం తయారుచేయడం ఏమంత పని కాదు. ఏయే రూపాలు, ఎంత కోత, ఏ ఫోటో ఎక్కడ ఎంతకాలం వాడతారు, కోసిన జుట్టు ఎవరిది, కూర్చున్నందుకు ఎంత ఇస్తారు, వద్దనుకుంటే ఎవరికి చెప్పాలి అన్న ఆరు ప్రశ్నలుంటే సరిపోతుంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల జుట్టును ప్రచారం కోసం కోయవద్దని మన కేంద్రాలన్నీ ఒక మాట అనుకోవాలి. శిక్షణ పేరుతో జరిగే పనికి కూలి అడిగే ధైర్యం కూడా ఆ కోర్సులోనే రావాలి.

తల్లిదండ్రులతోనూ మాట్లాడాల్సి ఉంది. బిడ్డ జుట్టు పోయిందని పార్లర్ మీదికి పోయిన తండ్రి కోపంలో ప్రేమ లేదని నేననను. కాని "మమ్మల్ని అడగలేదు" అన్న మాట "ఆమెను అడగలేదు" అని మారినప్పుడే ఆ కోపం ఆమెకు పనికివస్తుంది.

ఆ అమ్మాయి ఇంకా ఆ పార్లర్‌లోనే పనిచేస్తోంది. జుట్టు మళ్లీ పెంచాలా, ఇట్లాగే ఉంచుకోవాలా అన్నది ఇంకా తేల్చుకోలేదట. తేల్చుకోవడానికి ఆమెకు సమయం ఉంది. తేల్చేది ఆమే అన్న సంగతి చుట్టూ ఉన్నవాళ్లు ఒప్పుకుంటే చాలు. అది ఒప్పించడం మన పని.